అంచులో వదిలేసిన వరస

సబ్‌స్టేషన్ ఆపరేటర్‌గా ముప్పై రెండేళ్ళు పనిచేశాను. అందులో ఒక ఇరవై ఆరు నిమిషాలు నా పని నేను చేయలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ముగ్గురు మొన్న మా ఇంటికి వచ్చి, సర్వీసులో మరిచిపోలేని సంగతి ఏదైనా చెప్పమన్నారు. పిడుగు పడి ట్రాన్స్‌ఫార్మర్ పేలిన కథ చెప్పి, టీ ఇచ్చి పంపేశాను. వాళ్ళు గేటు దాటిన దగ్గర్నుంచి కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. రెండుసార్లు పంచ కట్టుకుని బజారు దాకా పోయి ఊరికే వెనక్కి వచ్చాను. చెప్పాల్సింది దాచుకుని చెప్పనక్కర్లేనిది చెప్పాను కదా, అదీ సంగతి. అందుకే ఇది రాస్తున్నాను. ఆ పిల్లలు చదివితే సంతోషం.

ఎనభైల చివరి మాట. ధర్మవరం నుంచి గోరంట్ల వైపు పోయే దారిలో ఒక చిన్న ఊరి సబ్‌స్టేషన్‌లో ఉండేవాణ్ణి. రెండు గదులు, కంకర పరిచిన ఆవరణ, చుట్టూ ముళ్ళకంచె, కంచె అవతల కనుచూపు మేర బీడు. అక్కడి నుంచి మూడు లైన్లు బయలుదేరేవి. రెండు బోరు మోటార్లకు, ఒకటి ఊరికి. ఏ లైనుకు ఎప్పుడు కరెంటు ఇవ్వాలో, ఎప్పుడు తీసేయాలో పైనుంచి కాగితం వచ్చేది. ఆ ఏడు ఊరి లైనుకు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కోత. పన్నెండు కాగానే నేను స్విచ్ లాగేవాణ్ణి, ఊళ్ళో పిండిమిషన్ ఆగిపోయేది. గడియారం లేని ఇళ్ళల్లో ఆడవాళ్ళు మిషన్ చప్పుడు ఆగితే పన్నెండయిందని సంగటి దించుకునేవాళ్ళు.

ఇక్కడ మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. లైన్‌మ్యాన్ తీగను ముట్టుకోవాలంటే ముందు నా దగ్గరికి రావాలి. నేను లైను ఆపి, ఆపానని సంతకం పెట్టి కాగితం ఇవ్వాలి. దాన్ని లైన్ క్లియర్ అంటాం. రూలు అది. కానీ కోత వేళల్లో ఎవరూ ఆ కాగితం కోసం వచ్చేవాళ్ళు కాదు. లైన్లో ఎలాగూ కరెంటు ఉండదు, దానికోసం పొలాల్లోంచి ఎండలో మూడు మైళ్ళు సైకిలు తొక్కడం ఎందుకని చిన్నాచితకా పనులన్నీ పన్నెండు దాటాక చేసుకునేవాళ్ళు. నేనూ తక్కువ తినలేదు. స్విచ్‌లు ఎప్పుడు వేసిందీ ఎప్పుడు తీసిందీ రాసే లాగ్ షీట్లో "12-00, ఊరి లైను ఆఫ్" అని పదకొండున్నరకే రాసి పెట్టేసుకునేవాణ్ణి. రోజూ జరిగేదే కదా, ఒక పని అయిపోతుందని. మాలో చాలామంది అలాగే చేసేవాళ్ళు. దాన్ని తప్పనుకున్న గుర్తు కూడా లేదు.

మాది ధర్మవరంలో పట్టు నేసే కుటుంబం. మా నాయనకు చీరల అంచులు కట్టడంలో పేరుండేది. ఏ వరసలో ఏ పోగులు లేవాలో, ఏవి వదలాలో ఆయన ఎప్పుడూ కాగితం మీద గీసుకోలేదు. అదంతా దారాలకు వేసిన ముడుల్లోనూ ఆయన తలలోనూ ఉండేది. ఒక్కగానొక్క కొడుకును నేను, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టడం ఇష్టంలేక కరెంటు ఉద్యోగంలో చేరిపోయాను. ఆయన ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. తర్వాత ఆయన కళ్ళు పోవడం మొదలైంది. అనంతపురంలో డాక్టరు చూసి, ఇది పొర కాదు, నరమే ఎండిపోతోంది, ఆపరేషన్‌కు లొంగేది కాదన్నాడు. మగ్గం అమ్మేశాం. ముడులు వేసిన పాత దారాలు అటక మీద ఎలుకల పాలయ్యాయి. ఆయన సొంతంగా కట్టిన చిలకల అంచు ఒకటుండేది, ఇంకెవరికీ రాదు. నా దగ్గర ఉండటానికి వచ్చిన కొత్తలో రోజుకొకసారైనా, "అదొకటి నాతోనే పోతాదిలే" అనేవాడు. చూపు పోతున్నందుకు ఆయన అంత బాధపడినట్టు నాకు కనిపించలేదు.

ఆ ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టారు ఒకాయన ఉండేవాడు. జీతమంతా వస్తువుల మీద తగలేసే రకం. ఆయన బెంగళూరు పోయి ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటి కొనుక్కొచ్చాడు. చూడటానికి టైపు మిషన్ మీటలున్న పలక, అంతే. దాన్ని టీవీకి తగిలిస్తే కొట్టిన అక్షరాలు తెరమీద కనపడేవి. దాచుకోవాలంటే టేప్‌రికార్డర్ తగిలించి క్యాసెట్లోకి ఎక్కించాలి. నాలుగైదు నిమిషాలు కీచుమని చెవులు హోరెత్తిపోయేలా అరిచేది. ఎక్కించకముందు కరెంటు పోతే కొట్టిందంతా పోయినట్టే. నాకు అర్థమైంది ఇంతే, ఈ కథకు ఇంత చాలు.

మా నాయన మాట ఒకరోజు ఆయన చెవిన పడింది. "పెద్దాయనా, నువ్వు వరసగా చెప్పు, నేను కొడతా. పోగు లేసేచోట ఇంటూ మార్కు, వదిలేచోట చుక్క. దాన్ని చూసి రేపు ఎవురన్నా గళ్ళ కాగితం మీద ఏసుకోవచ్చు, మగ్గం నడిపే బొక్కల అట్టలు కొట్టుకోవచ్చు" అన్నాడు. నాయన నవ్వాడు కానీ మరుసటి ఆదివారం ఉతికిన పంచ కట్టుకుని తయారయ్యాడు.

చిక్కేమిటంటే నాయనకు ఆ అంచు ఒక ఊపులోనే గుర్తుకొచ్చేది. "మూడెత్తు, రెండొదులు, ఒకటెత్తు, ఐదొదులు" అని వేళ్ళు ఆడిస్తూ చెప్పుకుపోవాలి. మధ్యలో ఎవరు పలకరించినా మళ్ళీ మొదటి వరస నుంచే. రెండు ఆదివారాలు అలాగే పాడయ్యాయి. అందుకని మూడో ఆదివారం మాస్టారు మధ్యలో ఎక్కడా క్యాసెట్‌కు ఎక్కించకుండా, మొత్తం పూర్తయ్యాకే ఎక్కిద్దామనుకున్నాడు. ఆ కీచు చప్పుడుకు పెద్దాయన ఊపు తప్పుతుందని ఆయన భయం. మంచితనంతో చేసిన పొరపాటు అది.

ఆషాఢం. మా వైపు ఆషాఢమంటే వాన కాదు, గాలి. మేఘాలు మా నెత్తిమీదుగానే ఎక్కడికో పోతుంటాయి, కింద దుమ్ము లేస్తుంటుంది. ఆ ఆదివారం పొద్దున ఏడింటికే నాయనను మాస్టారింట్లో దింపి డ్యూటీకి వచ్చాను. పన్నెండుకు పావుగంట ఉందనగా మాస్టారు రొప్పుకుంటూ సైకిలు మీద వచ్చాడు.

"అయిపోయిందప్పా. రెండొందల పైచిలుకు వరసలు, యాడా తడబడల్యా మీ నాయన. కానీ టేప్‌రికార్డర్ బెల్టు తెగిపాయ."

"ఇంకొకటి తగిలించండి సార్. ఊర్లో నాలుగిండ్లల్లో ఉండాయి కదా."

"వాటికి మైకు పెట్టే బొక్క ల్యా. అది ఉండేది పాస్టరు దగ్గర ఒకటే. ఆయప్ప దాన్నెత్తుకొని పక్కపల్లెలో ప్రార్థనకు పోయినాడంట. నేను పోయి తెస్తా. అంతవరకూ కరెంటు తీయాకు."

"ఎంతసేపు?"

"అరగంట. నీకు దండం పెడతా. తీసినావంటే పొద్దుట్నించి చెప్పిందంతా పాయ. మీ నాయన టీవీ ముందర్నించి లేయకుండా కూకున్నాడు, ఎవురన్నా స్విచ్చి తాకుతారేమోనని."

ఆ చివరి మాటతో నేను పడిపోయాను. చూపులేని మనిషి వెలుగుతున్న తెర ముందు కాపలా కూర్చున్నాడు. ఉద్యోగంలో చేరిన పదేళ్ళలో ఆయనకు నేను చేసిపెట్టగలిగింది ఏదీ కనపడలేదు, ఇదొక్కటి తప్ప. "సరే సార్, పోండి" అన్నాను.

పన్నెండయింది. నేను స్విచ్ లాగలేదు. లాగ్ షీట్లో మాత్రం "12-00, ఊరి లైను ఆఫ్" అని నా చేతిరాత అప్పటికే ఉంది. దిద్దుదామా అనుకుని, మాస్టారు వచ్చాక దిద్దవచ్చులే అనుకున్నాను. లోపలికి వెళ్ళాను, బయటికి వచ్చాను. కంకర మీద ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగాను. పిండిమిషన్ ఇంకా తిరుగుతోంది. ఇవాళ కరెంటోళ్ళకు దయ కలిగిందని ఊరు ఊరంతా అనుకుంటూ ఉంటుందని నవ్వు కూడా వచ్చింది.

పన్నెండూ పది ప్రాంతంలో మీటరు ముల్లు ఒక్కసారి అదిరి మళ్ళీ నిలబడింది. చూశాను. గాలికి తీగలు తాకి ఉంటాయిలే అనుకుని వదిలేశాను.

పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. తడి నేల మీద తీగ తెగిపడితే కరెంటంతా నేలలోకి పోతుంది, మన బ్రేకర్ తనంతట తనే పడిపోయి లైను ఆగిపోతుంది. మన నేల అలాంటిది కాదు. మూడేళ్ళుగా వాన ఎరగని బీడు మీద తీగ తెగిపడితే ఆ నేల కరెంటును తీసుకోదు. బ్రేకర్‌కు ఏమీ తెలియదు. తీగ ప్రాణంతోనే పడుకుని ఉంటుంది. పుస్తకాల్లో ఇది ఒక మూల రాసి ఉంటుంది. నేను చదివాను కూడా.

పన్నెండూ ఇరవై ఆరుకు మా లైన్‌మ్యాన్ వచ్చాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. స్తంభం ఎలా ఎక్కాలో కాదు, ఎక్కకుండా పని ఎలా చేయించుకోవాలో నాకు నేర్పింది ఆయనే అని నవ్వేవాళ్ళం. ఆ రోజు సైకిలును గేటు దగ్గరే పడేశాడు. కాళ్ళకు చెప్పులు లేవు. నన్ను చూడలేదు. నేరుగా ప్యానెల్ దగ్గరికి పోయి ఊరి లైను స్విచ్ పట్టుకుని లాగేశాడు. దూరంగా పిండిమిషన్ మూలుగుతూ ఆగిపోయింది.

"అన్నా, ఒక్క ఐదు నిమిషాలు..." అన్నాను. నోట్లోంచి ఆ మాటే వచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు సిగ్గుతో కుంచించుకుపోతుంది.

ఆయన అక్కడే నేలమీద కూలబడ్డాడు. ఆయాసం తీర్చుకుని అప్పుడు చెప్పాడు.

"చెరువు బీడులో తీగ తెగి పడిండాది. పన్నెండు దాటింది కదా, సచ్చిన తీగే అనుకున్న్యా. గొర్లు వస్తాండాయి, కాళ్ళకు తగులుకుంటాదని పక్కకు లాగేద్దామని వంగినా. మిషన్ చప్పుడు వింటా ఎప్పుడూ. ఇయ్యాల గాలి ఎదురు, ఏమీ ఇనపల్యా. నా చేతికీ దానికీ ఇంత ఎడం ఉండాది చూడు." చిటికెనవేలూ బొటనవేలూ చాపి జానెడు చూపించాడు. "నాకంటే ముందు ఒక గొర్రె తొక్కింది. అరవను కూడా అరవల్యా."

నేను నీళ్ళు ముంచి ఇవ్వబోతే ఆయన అందుకోలేదు.

"ఆ గొర్ల ముసలామెను ఎవుర్నీ దగ్గరికి రానియ్యొద్దని నిలబెట్టి వచ్చినా. కాగితం తీసుకోకపోవడం నా తప్పే, కాదన్ను. కానీ ఈడ నువ్వుండావనే కదప్పా నేను చెయ్యి చాపింది."

మళ్ళీ సైకిలెక్కి పోయాడు. ఈసారి కాగితం రాయించుకుని, జేబులో పెట్టుకుని పోయాడు.

అక్కడ మాస్టారింట్లో ఏం జరిగిందో సాయంత్రం తెలిసింది. ఆయన పాస్టరు టేప్‌రికార్డర్ తెచ్చి, తగిలించి, ఎక్కించడం మొదలుపెట్టాడు. కీచు చప్పుడు సగంలో ఉండగా తెర చీకటైపోయింది. నాయన మాత్రం చప్పుడు ఆగిందంటే పని అయిపోయిందనుకుని, "ఎక్కిందా సార్?" అని సంతోషంగా అడిగాడట.

ఇంటికి వచ్చాక జరిగిందంతా నాయనకు చెప్పాను. గొర్రె సంగతీ, లైన్‌మ్యాన్ చేతి సంగతీ ఏదీ దాచలేదు.

"పన్నెండుకు తీయాల్సిన కరెంటు యాల తీయల్యా?"

"నీ అంచు కోసరం నాయనా."

"నేనడిగినానా?"

అంతకుమించి అనలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. మగ్గం వదిలినప్పుడు ఆయన తిట్టలేదని బాధపడ్డాను కదా, ఇప్పుడు ఆ ఒక్క మాట భరించలేకపోయాను.

మరుసటి రోజు సంతలో ఒక ఈడొచ్చిన గొర్రెను కొనుక్కుని ఆ ముసలామె గుడిసెకు పోయాను. ఆమె దాని పళ్ళు చూసింది, వీపు తడిమింది. "గొర్రెకు గొర్రె సరే. ఆయప్పే పోయింటే ఆ ఇంటికి ఏం తోలుకొని పోయేవాడివప్పా?" అంది. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టు అడిగింది. గొర్రె తాడు ఆమె చేతికిచ్చి వచ్చేశాను.

లాగ్ షీట్ దిద్దుదామని ఎర్ర సిరా పెన్ను తీసుకుని కూర్చున్నాను. లైన్‌మ్యాన్ వచ్చి నా చేతిలోంచి పెన్ను లాక్కున్నాడు. "నువ్వు ఇరవై ఆరు అని దిద్దితే, నేను కాగితం లేకుండా తీగ ముట్టబోయింది కూడా బయటికొస్తాది. గొర్రె కోసరం ఎవురూ విచారణ ఏయరులే. నాకింకా ఎనిమిదేండ్ల సర్వీసు ఉండాది, వదిలెయ్" అన్నాడు. వదిలేశాను. ఆయన కోసం వదిలేశానని అప్పుడు అనుకున్నాను. నాకూ సర్వీసు ఉంది కదా.

నాయన మళ్ళీ చెప్పడానికి కూర్చున్నాడు. కుదరలేదు. పదో వరస దాటేసరికి వేళ్ళు ఆగిపోయేవి. "రావడంల్యా సార్" అని లేచేవాడు. మూడుసార్లు అలా లేచాక ఇక కూర్చోనన్నాడు. ఇంట్లో నేను ఆయన ఎదుట పడకుండా డ్యూటీలు మార్చుకుని తిరిగాను.

మాస్టారు మాత్రం వదల్లేదు. సగం ఎక్కి ఆగిపోయిన ఆ క్యాసెట్‌ను సంచిలో వేసుకుని, కంప్యూటర్ అమ్మినవాడి దగ్గరికి బెంగళూరు బస్సెక్కాడు. ఆ మిషన్ రాతను ముక్కలు ముక్కలుగా ఎక్కిస్తుందట. చివరి ముక్క విరిగిపోయినా దానికి ముందు ముక్కలు బాగానే ఉంటాయట. మామూలుగా తెరిస్తే తప్పని చెప్పి మొత్తం వదిలేస్తుంది. ఒక్కొక్క ముక్కనే అడిగి తీసుకునే పద్ధతి రాయించుకుని వచ్చాడు. రెండు రోజులు క్యాసెట్‌ను ముందుకూ వెనక్కూ తిప్పి, చప్పుడు పెంచి, తగ్గించి, నూట ఆరో వరస దాకా తెరమీదికి రప్పించాడు. మిగిలిన సగం ఎక్కడా లేదు.

తర్వాతి ఆదివారం నాయనను బతిమాలి తీసుకుపోయాను. మాస్టారు ఆయనను చెప్పమని అడగలేదు. తెరమీద ఉన్నదాన్ని తనే చదవడం మొదలుపెట్టాడు. "మూడెత్తు, రెండొదులు, ఒకటెత్తు, ఐదొదులు." నాయన చెప్పే ఊపులోనే చదివాడు. వినీ వినీ ఆయనకూ అది పట్టుబడినట్టుంది. యాభై వరసలకు నాయన వేళ్ళు మోకాలి మీద కదలడం మొదలైంది. తొంభైకి పెదవులు కదిలాయి. నూట ఆరు అయ్యాక మాస్టారు ఆగిపోయాడు, ఇక చదవడానికి లేదు. నాయన ఆగలేదు.

"ఈడ ఒక వరస ఖాళీగా వదలాల సార్" అన్నాడు.

"ఖాళీగానా? మొన్న ఇది ల్యాకపాయ కదా. అన్నీ చుక్కలేనా?"

"అన్నీ వదులే. ఎత్తేది ఏమీ ల్యా. దాని తర్వాత రాసుకో, రెండెత్తు, నాలుగొదులు..."

ఇక చివరిదాకా పోయాడు. మాస్టారు ఈసారి యాభై వరసలకొకసారి క్యాసెట్‌కు ఎక్కించాడు. ఆ కీచు చప్పుడు సాగినంతసేపూ నాయన వేళ్ళు మోకాలి మీద ఊపు తప్పకుండా ఆడిస్తూ కూర్చున్నాడు. నేను గడప దగ్గర నిలబడి గడియారం చూస్తూనే ఉన్నాను. పన్నెండుకు పది నిమిషాలుండగా అయిపోయింది. ఆ రోజు డ్యూటీలో వేరే ఆపరేటర్ ఉన్నాడు. సరిగ్గా పన్నెండుకు మాస్టారి టీవీ ఆగిపోయింది. నాకు హాయిగా అనిపించింది.

మాస్టారు దాన్ని గళ్ళ కాగితం మీదికి దింపి ఇచ్చాడు. ధర్మవరంలో మా చిన్నాన్న కొడుకు ఆ కాగితం చూసి అంచు నేశాడు. మొదటి చీర లైన్‌మ్యాన్ ఇంటికి పోవాలని నాయన పట్టుబట్టాడు. ఇద్దరం పోయాం. అప్పటికి నాయనకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదు. లైన్‌మ్యాన్ చీరను అరుగు మీద పరిచి, తీగకు అతుకు వెతికినట్టు అంచు మీద వేలితో తడుముకుంటూ పోయాడు. చిలకల బారు మధ్యలో సన్నటి గీత ఒకటి, జరీ లేకుండా ఒట్టిగా. మళ్ళీ కొంత దూరానికి అదే గీత.

"పెద్దాయనా, ఈడ ఒక వరస తప్పినట్టుండాదే."

"తప్పల్యా నాయనా. మావోడు కరెంటు తీయకుండా పెట్టింది నా ఈ అంచు కోసరమే. నీ చెయ్యి ఆగిన చోటది" అన్నాడు నాయన.

లైన్‌మ్యాన్ వేలు ఆ గీత మీద నుంచి తీయలేదు. నా వైపు చూశాడు. ఆ రోజు తర్వాత ఆయన నన్ను సూటిగా చూడటం అదే మొదటిసారి. "నీళ్ళు తాగుదురు రాండి లోపలికి" అన్నాడు.

ఇప్పుడు నాయన లేడు, లైన్‌మ్యాన్ అన్న లేడు. ఆ అంచు మాత్రం చాలా మగ్గాల మీదికి పాకింది. కాగితంలో ఉన్నది ఉన్నట్టు అట్టలు కొట్టుకుంటారు కాబట్టి గీత కూడా పోయింది వెంట. మొన్న ఒక దుకాణంలో అడిగాను, ఈ గీత ఎందుకుందని. "ఆ డిజైనే అంత సార్, మొదట్నించీ అట్లే వస్తాండాది" అన్నాడు దుకాణదారు. చీర మడిచి పెట్టేశాడు.

పిల్లలూ, ఆ రోజు ఊరి లైను పన్నెండింటికే ఆగిపోయిందని లాగ్ షీట్లో నా చేతిరాత ఉంది. ఆగలేదని మా నాయన అంచులో ఉంది.